చౌక టర్బోభాగములు



నేటి నా ప్రసంగము మోటారుకారులలో నుండు టర్బోఛార్జరు అను యంత్రమును గూర్చియు, దానికి బదులుగా చౌకధరకు దొరకు నకిలీ భాగములను కొనుటవలన కలుగు హానిని గూర్చియు. ఇది పట్టణములందలి పడుచువారికి చెప్పవలసిన మాటయే గాని గ్రామపెద్దలమైన మాకేల యని మీలో కొందరికి తోచవచ్చును. కాని కారు నడపువాడు కుమారుడైనను మనుమడైనను, దానికి కావలసిన సొమ్ము పెక్కు కుటుంబములలో పెద్దల పెట్టెనుండియే వెలువడుచున్నది. అంతియేగాక టర్బోఛార్జరు వేగపు కారులకు మాత్రమే చెందినది కాదు. మీ పొలములకు వచ్చు వరికోత యంత్రములలో అనేకములకును, మీ ధాన్యమును మోయు లారీలకును, డీసెలు కారులకును నేడు అది కలదు. కావున ఈ విషయము మీ గడపకు దూరమైనది కాదు.

ముందుగా ఈ యంత్రము ఎట్టిదో మనవి చేసెదను. కమ్మరి కొలిమి మీరెరుగనిది కాదు. బొగ్గులు వానియంతట అవి మండునప్పుడు నాగటికర్రు ఎఱ్ఱబడుటకు చాల సేపు పట్టును. తిత్తి ఊదినకొలది నిప్పు రాజుకొని, కర్రు త్వరలోనే సాగగొట్టుటకు అనువగును. బొగ్గులు అవియే, కొలిమి అదియే. హెచ్చినది గాలి మాత్రమే. మోటారు ఇంజను కూడ ఇట్టి కొలిమియే. దానిలో మండునది పెట్రోలు లేక డీసెలు. లోపలికి ఎంత గాలి పోవునో అంతకు తగిన చమురే చక్కగా మండును. గాలి హెచ్చినచో చమురును హెచ్చుగా మండించి హెచ్చుబలము పొందవచ్చును. ఈ గాలిని బలవంతముగా లోపలికి త్రోయు తిత్తియే టర్బోఛార్జరు.

అయితే ఈ తిత్తిని లాగువాడెవడు? ఇంజను వెలుపలికి విడిచిపెట్టు వేడిపొగయే ఆ పని చేయును. ఒక చిన్న ఇరుసు. దాని రెండు కొనలయందు రెండు రెక్కల చక్రములు. ఒక చక్రము పొగమార్గమున నుండును. పొగ వడిగా తాకి దానిని త్రిప్పును. ఇరుసు ఒక్కటే యగుటచేత రెండవ కొననున్న చక్రమును దానితోపాటు తిరిగి, బయటిగాలిని పీల్చి, ఒత్తి, ఇంజనులోనికి పంపును. వృథాగా పోవు పొగచేత పని చేయించుకొనుటయే ఇందలి చమత్కారము.

ఈ యాలోచన నేటిది కాదు. స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి అను నాతడు 1905లోనే దీనికి పేటెంటు కోరెను. 1918లో అమెరికాలో సాన్‌ఫర్డ్ మాస్ అను నాతడు విమానపు ఇంజనునకు దీనినమర్చి, 14 వేల అడుగులు మించిన పైక్స్ శిఖరముమీదికి కొనిపోయి, గాలి పలుచనైన ఆ యెత్తున కూడ ఇంజను తన బలమును నిలుపుకొనునని చూపెను. 1920 దశాబ్దమున జర్మనీ దేశపు రెండు ప్రయాణికుల ఓడలలో దీనిని పెట్టగా, ఇంజను బలము 1,750 గుఱ్ఱపుశక్తినుండి 2,500కు పెరిగెను. కాని జనులు కొను కారులలో ఇది మొదట కనబడినది 1962లో, అమెరికాలో. ఆలోచన పుట్టిన 57 ఏండ్లకు! ఇంత ఆలస్యమేల? రూపము తెలియక కాదు. రూపము మొదటి యేటనే తెలిసియుండెను. ఆ వేడికి కరగక, ఆ వేగమునకు పగులక నిలువగల లోహములును, దానిని మోయు బేరింగులును, తూకము సరిచూచు నేర్పును కుదురుటకు కాలము పట్టెను. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. నకిలీవాడు మనకు అమ్మునది ఆ మొదటి యేటి రూపమే. తరువాతి 57 ఏండ్ల నేర్పు అతని పెట్టెలో నుండదు.

ఇక ఆ వేగమెంతయో చూతము. కారులోని టర్బోచక్రము అరచేతిలో ఇమిడిపోవును. ఇంజను పూర్తిబలముతో పనిచేయునప్పుడు అది నిమిషమునకు లక్షయు ఏబదివేల సారులు తిరుగుట సామాన్యము. చిన్నచక్రములు రెండు లక్షలు కూడ మించును. మన యెడ్లబండి చక్రము నిమిషమునకు సుమారు 15 సారులు తిరుగును. ఆ బండి ఏడు దినములు రాత్రింబవళ్లు ఆగక నడచినచో దాని చక్రము ఎన్ని చుట్లు తిరుగునో, అన్ని చుట్లు ఈ చక్రము ఒక్క నిమిషమున తిరుగును. రెండంగుళముల వెడల్పుగల చక్రమే యైనను, ఆ వేగమున దాని అంచు సెకండునకు సుమారు 400 మీటర్ల వడితో, అనగా గాలిలో ధ్వని పోవు వడిని మించి, పరుగెత్తుచుండును.

వేగము హెచ్చినకొలది తూకమునందలి లోపము భయంకరమగును. పూర్వము కంసాలి బంగారము తూచిన గురివిందగింజ మీకు తెలియును. దాని బరువు గ్రాములో ఎనిమిదవ వంతునకు మించదు. అంత బరువు ఈ చక్రపు అంచున ఒక ప్రక్క హెచ్చుగా నున్నదనుకొందము. నిమిషమునకు లక్షయేబదివేల చుట్ల వేగమున ఆ గింజయెత్తు బరువు ఇరుసును ఎంత బలముతో ప్రక్కకు లాగునో లెక్కకట్టినచో సుమారు 75 కిలోలు వచ్చును. 75 కిలోలనగా మన ధాన్యపు బస్తా. గురివిందగింజంత లోపము బస్తాయెత్తు బలమై, సెకండునకు 2,500 సారులు దిక్కు మార్చుకొనుచు, చూపుడువ్రేలి మందము కూడ లేని ఇరుసును ఊపివేయును. అందుచేతనే మంచి తయారీదారులు ప్రతి చక్రమును ఇరుసుతో గూర్చి, ప్రత్యేకయంత్రముమీద త్రిప్పి, హెచ్చుబరువున్నచోట రవ్వంత గీకి, మిల్లీగ్రాముల లెక్కలో తూకము సరిచేయుదురు.

వేడి సంగతియు చెప్పవలసియున్నది. పెట్రోలు ఇంజను విడుచు పొగ పూర్తిబలమున 900 నుండి 1,000 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాగియుండును. కమ్మరి సమ్మెటదెబ్బకు సిద్ధముగా కొలిమినుండి తీసిన ఇనుము ఎంత వేడిగా నుండునో, ఇదియు ఇంచుమించు అంతియే. డీసెలు పొగ కొంత తక్కువ. ఆ స్థితిలో సామాన్యపు ఇనుము మెత్తబడును. కాన పొగచక్రమును నికెలు ప్రధానముగా గల ప్రత్యేక మిశ్రలోహముతో పోతపోయుదురు. రెండవ కొననున్న గాలిచక్రము అల్యూమినియపు మిశ్రమము. ఈ రెంటినడుమ ఇరుసును మోయు బేరింగులలో వెండ్రుకపాటి సందు మాత్రముండును. ఆ సందులో ఇంజన్నూనె పలుచని పొరయై నిలిచి, లోహము లోహమును తాకకుండ కాపాడును. ఆ నూనెపొర తెగినచో ఇరుసు ఒరయుటకు కొన్ని క్షణములు చాలును.

ఇప్పుడు నకిలీవాని పని యెట్టిదో చూడుడు. అతడు అసలు భాగమొకటి కొని, కొలతలు తీసి, అచ్చు చేసి, అట్టివే పోతపోయును. పైనిగనిగలు, పెట్టెమీది అక్షరములు, పేరుపలకమీది సంఖ్యలు అన్నియు అనుకరించును. కంటికి కనబడునదంతయు అతనికి సాధ్యమే. కాని లోహములో నికెలు తగినంత యున్నదా? పోతలో గాలిబుడగలు మిగిలినవా? ఇరుసును చక్రమును అతికిన అతుకు గట్టిదా? తూకము సరిచూచినారా? చక్రము పగిలినచో తునకలు బయటపడకుండ పైతొడుగు ఆపునా యని పగులగొట్టి పరీక్షించినారా? ఇవి యేవియు కంటికి కనబడవు. ఇవియన్నియు సొమ్ముతో కూడిన పనులు. అసలు భాగము అరువదివేల రూపాయలనియు, నకిలీ పదునైదువేలనియు అనుకొందము. నడుమ తగ్గిన నలువదియైదువేలు ఎక్కడనుండి తగ్గినవి? కొంత పేరునకిచ్చు ధర కావచ్చును, కొంత మధ్యవర్తుల లాభము కావచ్చును, కాదనను. కాని మిగిలినది కంటికి కనబడని ఈ పనులను మానివేయుటవలన తగ్గినదే.

పెద్దలు అడుగవలసిన ప్రశ్న ఇదొక్కటియే: ఈ ధర దేనిని తగ్గించుటవలన తగ్గినది? తగ్గినది మనము చూచి పరీక్షింపగలదైనచో చౌకబేరము తప్పు కాదు. తగ్గినది మన కంటికి కనబడనిదై, ప్రాణములు దానిపై నాధారపడియున్నచో ఆ బేరము విడువవలెను. నకిలీవిత్తనముల విషయమున ఈ సత్యము మీకు బాగుగా తెలిసినదే. పొట్లములో గింజ గింజవలెనే యుండును. రంగు అదియే, పరిమాణమదియే. పూత రాకపోయిననాడు గాని భేదము బయటపడదు. అప్పటికి గింజల వెల మాత్రమే గాక దుక్కి, ఎరువు, కూలి, ఒక కారు పంట అంతయు పోయియుండును.

టర్బోభాగము చెడినప్పుడు కూడ నష్టము దానితో ఆగదు. గాలిచక్రపు రెక్క విరిగినచో ఆ తునకలు గాలితోపాటు ఇంజనువైపు పోవును. లోపల చేరినవి పిస్టనులను, కవాటములను, సిలిండరు గోడలను గీరి పాడుచేయును. ఇరుసు అరిగినచో నూనె కారును. గాలివైపు కారిన నూనె ఇంజనులో మండి నీలిపొగ వచ్చును. వేడివైపు కారి, ఎఱ్ఱగా కాగిన తొడుగు వెలుపల పడినచో మంటలే లేవవచ్చును. డీసెలు ఇంజనునకు మరియొక గండము కలదు. టర్బోనుండి గాలిగొట్టములోనికి నూనె ధారగా చేరినచో ఇంజను డీసెలును విడిచి తన నూనెనే త్రాగుచు, అదుపు తప్పి, పిచ్చియెత్తినట్లు పరుగెత్తును. తాళపుచెవి త్రిప్పినను ఆగదు. ఏలనన తాళము డీసెలును ఆపును గాని ఆ నూనెను ఆపజాలదు. గేరు కారైనచో పెద్దగేరులో పెట్టి, బ్రేకు గట్టిగా త్రొక్కిపట్టి, క్లచ్చిని విడిచి ఇంజనును ఆపివేయవలెను. చేతితో గాలిగొట్టమును మూయబోరాదు. ఆపుటకు వీలుకానిచో అందరును దిగి దూరముగా పోవలెను.

మరియొక భాగమును గూర్చి చెప్పెదను. చెరువు నిండినప్పుడు హెచ్చునీరు పోవుటకు అలుగు కలదు. కొన్నియెడల దానిని కలుజు అనియు, మత్తడి అనియు అందురు. టర్బోలోను అట్టి అలుగు ఒకటి కలదు. గాలియొత్తిడి హద్దు చేరగానే ఒక చిన్న తలుపు తెరచుకొని, పొగలో కొంత చక్రమును తాకకుండ ప్రక్కదారిని పోవును. ఈ తలుపును ఆడించు స్ప్రింగు, పలుచని పొర, కీలు నాసివైనచో తలుపు పట్టుకొనిపోయి తెరచుకొనదు. అప్పుడు ఒత్తిడి హద్దు మీరి పిస్టనులు పగులవచ్చును, కరగవచ్చును. అలుగు మూసుకొనిపోయిన చెరువునకు గండి పడుట ఎట్లో ఇదియు అట్లే. తూమునకు వేసిన పలక వెల కొద్దిపాటిదే; కాని అది కాచుచున్న పొలముల వెల కొద్దిపాటిది కాదు. ఒక భాగపు విలువను దాని ధరతో గాక అది కాచుచున్న దాని ధరతో కట్టవలెను.

ఈ నష్టము జరుగు సమయము కూడ ఆలోచింపదగినది. కారు ఇంటిముందు నిలిచియున్నప్పుడు టర్బో మెల్లగా తిరుగుచుండును. దానికప్పుడు పరీక్ష లేదు. నడపువాడు వేగమును గోరి కాలు గట్టిగా అదిమినప్పుడే దానిపై బరువంతయు పడును. అనగా లారీని దాటబోవునప్పుడు, రహదారిమీద నూరు కిలోమీటర్ల వడిలో, ఇంటివారందరును లోపల నున్నప్పుడు. నాసిభాగము విరుగుటకు అనువైన సమయము అదియే. ఎదుట బస్సు వచ్చుచుండగా బలము హఠాత్తుగా పడిపోయినచో, కొనునాడు మిగిలిన సొమ్మును తలచుకొనువాడుండడు.

ఈ మాటలకు ఇంటిలోని పడుచువాడు ఊరకుండడు. "తాతగారూ, మా స్నేహితుడు అట్టిదే వేసికొని రెండేండ్లు నడిపినాడు, ఏమియు కాలేదు" అనును. ఆ మాట అబద్ధము కాకపోవచ్చును. నకిలీభాగములన్నియు మొదటిదినమే విరుగవు. వానిలో కొన్ని యోగ్యముగానే కుదురును. కాని ఏది కుదిరినదో ఏది కుదరలేదో కొనువాడెరుగడు, అమ్మువాడెరుగడు, చేసినవాడును ఎరుగడు; ఏలనన పరీక్ష జరుగలేదు. అసలుభాగమునకు మనము హెచ్చుగా ఇచ్చునది ఈ తెలివికే. ఒకనికి కుదిరినదను మాట రెండవవానికి పూచీ కాదు. మెట్టచేలో ఒకయేడు వాన లేకయే పంట పండినదని ప్రతియేడు వానను నమ్ముకొనకుండుట లేదు గదా!

న్యాయముగా మాటాడవలెనన్నచో, కారు తయారీదారు పెట్టెలో రానిదంతయు నకిలీ యనరాదు. సరకు నాలుగు విధములు. మొదటిది కారు తయారీదారు పేర వచ్చునది. రెండవది ఆ టర్బోను నిజముగా చేసిన సంస్థయే తన స్వంతపేర అమ్మునది. సరకు అదే సంస్థది, ధర కొంత తక్కువ. తెలిసినవారు దీనినే కొందురు. మూడవది వేరొక సంస్థ తన పేరు దాచక, తన పూచీతో చేసి అమ్మునది. ఇందులో మంచిచెడ్డలు రెండును కలవు, విచారించి కొనవలెను. నాలుగవది పరుల పేరును, గుర్తును దొంగిలించి అమ్మునది. మొదటి మూటిలో ఏదో యొక పేరుగలవాడు జవాబుదారి. నాలుగవదానికి జవాబుదారి లేడు. తన పేరు చెప్పుటకు వెరచువాని లోహమును మనమేల నమ్మవలెను? మంచి పనివాడు అసలు భాగములతో పాతటర్బోను బాగుచేసి, తూకము సరిచూచి ఇచ్చుటయు కలదు. అదియు చౌకయే, ధర్మమైన చౌక. తూకము సరిచూచిన కాగితమిమ్మని అడుగుడు. ఇచ్చువాడు మంచి పనివాడు.

కొత్తది కొనుటకు ముందు పాతది ఎందుకు చచ్చినదో తెలిసికొనవలెను. ఇది చాలమంది మరచు సంగతి. టర్బో తనంతట తాను చెడుట తక్కువ. నూనె సకాలమున మార్చకపోవుట, నూనెగొట్టము మడ్డితో పూడుట, గాలివడపోత చినిగి దుమ్ము పోవుట, వేగముగా వచ్చి ఇంజనును తటాలున ఆపివేయుట — ఇవియే సామాన్యకారణములు. తటాలున ఆపినచో నూనె ప్రవాహము నిలిచిపోవును. కాగిన ఇరుసుచుట్టు మిగిలిన నూనె మాడి బొగ్గువలె గట్టిపడును. కారణము తీర్పక కొత్తది వేసినచో అసలుదియు చచ్చును, నకిలీదియు చచ్చును. కందెన లేని ఇరుసునకు కొత్తచక్రము తొడిగి ఏమి ప్రయోజనము? దూరము వడిగా నడిపి వచ్చినప్పుడు ఒకటి రెండు నిమిషములు ఇంజనును మెల్లగా తిరుగనిచ్చి, పిమ్మట ఆపుట మంచిది. కారుపుస్తకములో చెప్పిన నూనెనే, చెప్పిన గడువునకు మార్చవలెను. ఈ రెండును చేసినవాడు టర్బో అంగడికి పోవు అవసరమే చాలవరకు తప్పించుకొనును. ఈలధ్వని హెచ్చి కూతవలె మారినను, నీలిపొగ వచ్చినను, నూనె త్వరగా తగ్గుచున్నను, ఎక్కుడురోడ్డున బలము చాలకున్నను, బండిని వెంటనే పనివానికి చూపవలెను. ఇంకొక ప్రయాణము చేసి చూతమని ఉపేక్షింపరాదు.

కొనునప్పుడు పాటింపవలసినవి కొన్ని కలవు. విజయవాడ ఆటోనగరు వంటి పెద్ద విడిభాగముల బజారులలో యోగ్యులైన వర్తకులనేకులున్నారు. మాయవర్తకులు ప్రతి బజారులోను ఉందురు. ఫోనుతెరమీద బొమ్మ చూచి ఎవడో యెరుగని వానివద్ద తెప్పించుకొనుటకంటె, ఆ సంస్థ ఒప్పుకొన్న వర్తకుడెవరో సంస్థనే అడిగి, ఆతని యొద్దకే పోవుట మేలు. పెట్టెమీది గుర్తును సంస్థవారి స్వంతపుటలో సరిచూడవచ్చును. కాని గుర్తులను కూడ అనుకరించువారు కలరు గనుక పెట్టెకంటె అమ్మువాడు ముఖ్యము. బిల్లులో వర్తకుని పేరు, చిరునామా, భాగపు సంఖ్య, పూచీకాలము స్పష్టముగా వ్రాయించుకొనుడు. బిల్లు లేకున్న తగ్గించెదననువాడు ఆ తగ్గింపుతోపాటు మీ హక్కును కూడ తీసికొనుచున్నాడు. పాతభాగమును తూకమునకు వేయునప్పుడు పేరుపలకను చెరిపి, ఖాళీపెట్టెను చించివేయుడు. మోసగాండ్రు ఆ పెట్టెలనే వెదకి కొనుచుందురు.

మోసపోయినవారికి చట్టము తోడుగా నున్నది. పరుల వ్యాపారగుర్తును దొంగిలించి సరకు అమ్ముట 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము ప్రకారము నేరము. దానికి సామాన్యముగా ఆరు నెలలనుండి మూడేండ్లవరకు కారాగారమును, 50 వేలనుండి 2 లక్షల రూపాయలవరకు జరిమానాయు కలవు. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము జిల్లా వినియోగదారుల కమిషనువద్ద నష్టపరిహారము కోరవచ్చును. రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలెను. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. 1915 అను నంబరునకు ఫోను చేసినచో మార్గము చెప్పుదురు. వ్యాపారము కొరకు కొన్నవారికి ఈ చట్టము వర్తింపదు గాని, తన జీవనమునకై తానే నడుపుకొను బండికి కొన్నవానికి వర్తించును. విరిగిన భాగమును పారవేయక భద్రపరుపుడు. న్యాయస్థానమున అదియే సాక్ష్యము.

చట్టమునకు రెండవ ప్రక్కయు కలదు. ఉన్న టర్బో స్థానమున అట్టిదే వేసికొనుట మరమ్మతు. వేగము హెచ్చించుటకై అంతకంటె పెద్దది వేయుట మార్పు. తయారీదారు నిర్ణయించిన వివరములకును రిజిస్ట్రేషను పత్రమునకును భేదించునట్లు బండిని మార్చుటను 1988 నాటి మోటారుబండ్ల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. 2019లో చేసిన సవరణప్రకారము అట్టి మార్పు ఒక్కొక్కటికి 5 వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలలవరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చును. బీమా సంస్థకు తెలుపక మార్చినచో ప్రమాదమునాడు పరిహారము చిక్కులలో పడును. పెద్ద టర్బో పెట్టినంతమాత్రమున బ్రేకులు, చక్రములు, ఇంజనులోని కడ్డీలు బలపడవను సంగతియు యువకులు గ్రహింపవలెను. ఎద్దు బలిసినంతమాత్రమున బండి బలియదు.

వేగమును కోరుట పడుచుదనమునకు సహజము. దానిని ఎగతాళి చేయుటవలన లాభము లేదు. కాని వేగమునకు తగిన చోటులు వేరుగా కలవు. మద్రాసు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరులోను కారుపందెముల బాటలున్నవి. అచట తలకు రక్షణకవచము, అగ్నిమాపకులు, వైద్యులు సిద్ధముగా నుందురు. ఆ బాటమీద కూడ నేర్పుగలవారెవ్వరును తెలియని లోహమును నమ్ముకొని దిగరు. ఊరిరోడ్డుమీద గేదెలును, బడిపిల్లలును, కళ్లమునకై ధాన్యమారబోసిన రైతులును ఉందురు. అచట తయారీదారు ఇచ్చిన బలమే చాలును.

కావున మీ యింటివాడు చౌకటర్బోకు సొమ్మడిగినప్పుడు వెంటనే లేదనకుడు, వెంటనే ఇయ్యనుకూడ ఇయ్యకుడు. కూర్చుండబెట్టుకొని మూడు ప్రశ్నలడుగుడు. పాతది ఎందుకు చెడినది? దీనిని చేసినవాడు తన పేరు చెప్పుచున్నాడా? ధర దేనిని తగ్గించుటవలన తగ్గినది? మూటికిని సరియైన జవాబు వచ్చినచో సొమ్మిండు. రానిచో, మంచిభాగము కొనుటకు సొమ్ము చాలు వరకు బండిని నిలిపియుంచుట మేలు. చౌకగా కొనదలచినవారు కూర్చుండు గుడ్డలు, కాలిక్రింది తివాచీలు, మట్టిరేకులు చౌకగా కొనుడు. అవి చినిగినను కారు ఇల్లు చేరును. నిమిషమునకు లక్షయేబదివేల సారులు తిరుగుదానియొద్ద మాత్రము బేరమాడకుడు.